సగం ఆట వేదిక మీద... సగం కుర్చీల్లో!

బ్రాడ్‌వేలో 45 ఆటలకే తెర దించేశారు. సినిమాగా తీస్తే చాలా ఊళ్లలో హాళ్లు వెలవెలబోయాయి. అయినా ‘ది రాకీ హారర్ షో’ యాభై ఏళ్లు దాటి ఊరూరా తిరుగుతూనే ఉంది. ఈ రాక్ సంగీత నాటకాన్ని ఇన్నాళ్లు బతికించిందెవరు?

బ్రిటన్‌లో ఓ మోస్తరు పట్టణం. సోమవారం సాయంత్రం. పాతకాలపు నాటకశాల ముందు బారులు తీరిన జనాన్ని చూస్తే, వీళ్లు నాటకం చూడటానికి వచ్చారా, వేషం కట్టడానికి వచ్చారా అన్న అనుమానం కలుగుతుంది. వల మేజోళ్లు, ఎత్తు మడమల బూట్లు వేసుకున్న నడివయసు మగవాళ్లు. బంగారు తళుకుల కోటు, తలపై పొడుగు టోపీతో అమ్మమ్మలు. నల్ల గౌను మీద తెల్ల ఏప్రన్ కట్టుకుని, జుట్టు చింపిరి చేసుకున్న కాలేజీ అమ్మాయిలు. రాకీ హారర్ బృందం ఊళ్లోకి దిగిందంటే ఆ వారమంతా ఆ వీధిలో కనిపించే దృశ్యం ఇదే.

లోపల దీపాలు ఆరగానే అసలు సందడి మొదలవుతుంది. వేదిక మీద కథకుడు ఒక వాక్యం మొదలుపెడతాడు. అది పూర్తయ్యేలోపే బాల్కనీ నుంచి ఎవరో ఒక కొంటె మాట విసురుతారు. హాలంతా గొల్లుమంటుంది. కథకుడు ఆగి, ఆ మాట వచ్చిన వైపు ఒక చూపు చూసి, ఇంకా కొంటె జవాబు వదులుతాడు. కథానాయకుడు బ్రాడ్ పేరు వినపడితే చాలు, వందల గొంతులు ఒక్కసారిగా ఒక తిట్టు అందుకుంటాయి. అతని ప్రియురాలు జానెట్‌కూ మరో తిట్టు సిద్ధంగా ఉంటుంది. ఇవేవీ రాతప్రతిలో లేవు. యాభై ఏళ్లుగా ప్రేక్షకులే కట్టుకుంటూ, ఒక తరం నుంచి మరో తరానికి అందిస్తూ వచ్చిన మాటలివి.

మన పల్లెల్లో పద్యనాటకం ఆడేటప్పుడు నచ్చిన పద్యానికి ‘వన్స్‌మోర్’ అని కేక పడితే, నటుడు కథను కాసేపు పక్కన పెట్టి రాగం మళ్లీ ఎత్తుకునేవాడు. రాకీ హారర్ ప్రేక్షకుడు ఇంకో అడుగు ముందుకేశాడు. నటుడికంటే ముందే తన మాట అనేస్తాడు. ఆ చనువే ఈ నాటకానికి ఊపిరి.

సెలూన్ కుర్రాడి సినిమా పిచ్చి

ఈ నాటకం పుట్టుక గురించి చెప్పాలంటే న్యూజిలాండ్‌లోని హామిల్టన్ పట్టణానికి వెళ్లాలి. 1942లో ఇంగ్లాండులో పుట్టిన దీని రచయిత రిచర్డ్ ఓబ్రయన్ కుటుంబం, అతనికి పదేళ్ల వయసులో న్యూజిలాండ్‌కు వలస వెళ్లింది. పెద్దయ్యాక అతను హామిల్టన్‌లో సెలూన్‌లో జుట్టు కత్తిరించే పని చేశాడు. అక్కడి ఎంబసీ థియేటర్‌లో రాత్రిపూట ఒకే టికెట్‌పై రెండేసి సినిమాలు వేసేవారు. చౌకగా తీసిన భయానక చిత్రాలు, గ్రహాంతరవాసుల కథలు, పిచ్చి శాస్త్రవేత్తల ప్రయోగాలు. ఆ కుర్రాడు వాటిని కళ్లప్పగించి చూసేవాడు. ఆ థియేటర్ ఇప్పుడు లేదు. అది ఉన్న చోట, ఈ నాటకంలో అతను పోషించిన రిఫ్ రాఫ్ పాత్రకు 2004లో కంచు విగ్రహాన్ని నిలబెట్టారు. సెలూన్‌లో పనిచేసిన మనిషి రాసిన నాటకానికి ఊరు చేసిన గౌరవమది.

ఓబ్రయన్ 1964లో ఇంగ్లాండుకు తిరిగి వచ్చాడు. గుర్రపు స్వారీ తెలుసు కాబట్టి మొదట సినిమాల్లో స్టంట్ పనులు దొరికాయి. తర్వాత ‘హెయిర్’ అనే రాక్ సంగీత నాటకంలో వేషం వచ్చింది. బ్రిటన్‌లో నాటకాల మీద ప్రభుత్వ సెన్సార్‌షిప్‌ను ఎత్తేసింది 1968 సెప్టెంబరులో. ‘హెయిర్’ లండన్‌లో మొదలైంది ఆ మర్నాడే. అప్పటిదాకా వేదిక మీద పలకనివ్వని మాటలు, చూపనివ్వని ఒళ్లు ఒక్కసారిగా బయటికి వచ్చాయి. ఆ తలుపు తెరుచుకోకపోతే రాకీ హారర్ లేదు.

‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’లో హేరోదు రాజు పాత్ర వేసే అవకాశం కూడా ఓబ్రయన్‌కు వచ్చింది. కానీ ఒక్క ఆటతోనే అతన్ని తప్పించేశారు. అయితే ఆ నాటకానికి దర్శకుడైన ఆస్ట్రేలియన్ జిమ్ షార్మన్ అతన్ని గుర్తుపెట్టుకున్నాడు. పనిలేని చలికాలంలో ఓబ్రయన్ రాసుకున్న పాటలు విని, రాయల్ కోర్ట్ థియేటర్ మేడ మీది చిన్న గదిలో ఆడిద్దామన్నాడు. అందులో పట్టేది అరవై మందికి పైచిలుకు, అంతే.

1973 జూన్ 19న ఆ మేడగదిలో మొదటి ఆట పడింది. కథ చాలా చిన్నది. కొత్తగా పెళ్లి నిశ్చయమైన బ్రాడ్, జానెట్ వానరాత్రి కారు టైరు పంచరై, సాయం కోసం ఒక కోటలోకి వెళ్తారు. అక్కడ డాక్టర్ ఫ్రాంకన్‌ఫర్టర్ అనే శాస్త్రవేత్త ఉంటాడు. ఆడవాళ్ల కార్సెట్, మేజోళ్లు, ముఖం నిండా రంగు. తన సుఖం కోసం ప్రయోగశాలలో కండల వీరుడు రాకీని తయారు చేస్తుంటాడు. తెల్లారేసరికి ఆ జంట అమాయకత్వం చెదిరిపోతుంది. ఫ్రాంక్ వేరే గ్రహం నుంచి వచ్చినవాడని తేలుతుంది. చివరికి సొంత సేవకుల చేతిలోనే చస్తాడు.

ఈ పిచ్చి కథకు ప్రాణం పోసింది టిమ్ కర్రీ. తర్వాతి కాలంలో ‘హోమ్ అలోన్ 2’లో హోటల్ ఉద్యోగిగా మనవాళ్లకూ తెలిసిన నటుడు. ఫ్రాంక్ పాత్రకు మొదట జర్మన్ యాస ప్రయత్నించాడు. కుదరలేదు. ఓ రోజు లండన్ బస్సులో ఒక ఆవిడ గొప్పింటి యాస మరీ దట్టించి మాట్లాడటం చెవిన పడింది. ఆ యాసనే పట్టుకున్నాడు. దుస్తుల రూపకర్త సూ బ్లేన్, గ్లాస్గోలో కర్రీ వేసిన వేరే నాటకంలోని కార్సెట్‌నే మళ్లీ వాడింది. డబ్బు లేదు కాబట్టి చిరుగులు అలాగే ఉంచారు. ఆ చిరిగిన మేజోళ్లు, రంగు పూసిన జుట్టు కొన్నేళ్లకు లండన్ పంక్ కుర్రకారు వేషమైపోయాయి.

కొన్ని వారాల ముచ్చట అనుకున్న ఆట ఏడేళ్లు నడిచింది. మేడగది నుంచి పాత సినిమా హాలుకు, అక్కణ్నుంచి కింగ్స్ రోడ్ థియేటర్‌కు, చివరికి వెస్ట్ ఎండ్‌కు మారుతూ 1980 సెప్టెంబరు దాకా మొత్తం 2,960 ఆటలు పడ్డాయి. 1973 ఉత్తమ సంగీత నాటకంగా ఈవెనింగ్ స్టాండర్డ్ అవార్డూ వచ్చింది.

రెండు దెబ్బలు

లండన్‌లో ఆడిందని అమెరికాలోనూ ఆడాలని లేదు. 1974 మార్చిలో లాస్ ఏంజెలిస్ రాక్సీ క్లబ్‌లో వేస్తే జనం విరగబడ్డారు. ఆ ధైర్యంతో 1975 మార్చిలో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద బెలాస్కో థియేటర్‌కు తీసుకెళ్లారు. విమర్శకులు చీల్చి చెండాడారు. నెల తిరగకుండానే, 45 ఆటలకు మూటాముల్లె సర్దేశారు.

అప్పటికే సినిమా తీసేశారు. ఖర్చు సుమారు 14 లక్షల డాలర్లు. కర్రీ, ఓబ్రయన్‌లతో పాటు, తర్వాత ఆస్కార్ అందుకున్న సూజన్ సరాండన్ జానెట్‌గా నటించింది. ఇంగ్లాండులో పాడుబడ్డ ఓక్లీ కోర్ట్ భవనంలో, చలికాలంలో, వెచ్చదనం లేని గదుల్లో చిత్రీకరణ సాగింది. సరాండన్‌కు న్యుమోనియా పట్టుకుంది. ఇంత కష్టపడి తీసిన ‘ది రాకీ హారర్ పిక్చర్ షో’ 1975లో విడుదలైతే, లాస్ ఏంజెలిస్‌లో ఒక్క హాలు తప్ప దాదాపు అన్నిచోట్లా చతికిలబడింది. ఆ ఒక్క హాల్లోనూ ఒక విచిత్రం బయటపడింది. రోజూ వచ్చేది వాళ్లే! అవే ముఖాలు, మళ్లీ మళ్లీ.

ఆ చిన్న గమనింపే సినిమాను కాపాడింది. ఫాక్స్ సంస్థలో పనిచేసే టిమ్ డీగన్, ఈ సినిమాకు తగిన వేళ అర్ధరాత్రి అని పట్టుబట్టాడు. 1976 ఏప్రిల్‌లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లోని వేవర్లీ థియేటర్‌లో రాత్రి పన్నెండు గంటల ఆట మొదలైంది. కొన్ని నెలలకే జనం తెరతో మాట్లాడటం మొదలుపెట్టారు. పెళ్లి సన్నివేశం వస్తే బియ్యం చల్లారు. వాన పడితే నీళ్ల తుపాకులు పేల్చారు. జానెట్ వార్తాపత్రిక నెత్తిన పెట్టుకుంటే వాళ్లూ పెట్టుకున్నారు. తెర మీద విందులో టోస్ట్ అంటే, కాల్చిన రొట్టెముక్కలు గాల్లోకి లేచాయి. క్రమంగా అభిమానులే పాత్రల వేషాలు కట్టుకుని, తెర ముందు నిలబడి, సినిమాతో పాటు నటించే బృందాలు పుట్టాయి. వాటికి ‘షాడో కాస్ట్’ అని పేరు. మొదటిసారి వచ్చినవాళ్ల బుగ్గ మీద లిప్‌స్టిక్‌తో ఆంగ్ల అక్షరం ‘వి’ గీసి, అందరిముందూ స్వాగతం చెప్పడం ఆచారమైంది.

ఈ ఆటల ఆయుష్షు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. జర్మనీ మ్యూనిక్‌లోని మ్యూజియం లిష్ట్‌స్పీలె హాలులో 1977 నుంచి వేస్తూనే ఉన్నారు. అమెరికా పోర్ట్‌లాండ్ నగరంలో క్లింటన్ స్ట్రీట్ థియేటర్‌లో 1978 నుంచి ప్రతి శనివారం ఆట ఉంది. కోవిడ్ రోజుల్లో హాళ్లు మూసేసినా, వరస తెగకూడదని అక్కడి సిబ్బంది ఖాళీ కుర్చీలకే సినిమా వేశారు. 2005లో అమెరికా జాతీయ సినీ భాండాగారం ఈ చిత్రాన్ని దాచుకోదగ్గ వాటిలో చేర్చింది. 2019లో ఫాక్స్‌ను కొన్న డిస్నీ, పాత సినిమాల్ని హాళ్లకు ఇవ్వడం చాలావరకు ఆపేసినా, దీని జోలికి మాత్రం పోలేదు.

సినిమా నుంచి మళ్లీ వేదికకు

ఇప్పుడు ఊరూరా తిరుగుతున్న నాటకం ఆ మేడగది ఆటకు అచ్చమైన నకలు కాదు. సినిమా హాల్లో పుట్టిన ప్రేక్షకుల అల్లరిని తిరిగి నాటకశాలకు తెచ్చుకుని, దానికి చోటిచ్చి మళ్లీ కట్టిన ఆట ఇది. 2006 నుంచి బ్రిటన్‌లోనూ ఇతర దేశాల్లోనూ తిరుగుతున్న ఈ రూపానికి దర్శకుడు క్రిస్టఫర్ లస్కోమ్. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి షేక్‌స్పియర్ హాస్య నాటకాలు చేయించిన మనిషి. మాట ఎక్కడ విరవాలో, నవ్వు పండాలంటే ఎంతసేపు ఆగాలో తెలిసిన చెయ్యి అది.

ఈ పనితనాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. ప్రేక్షకులు మధ్యలో అరిచే నాటకంలో నటుడి కష్టం రెట్టింపు. కేక వస్తుందని తెలిసి ముందే ఆగితే, సన్నివేశం చచ్చిపోతుంది. ఆగకుండా పోతే, కేకలో మాట మునిగిపోతుంది. బ్రాడ్, జానెట్ పాత్రధారులు మాత్రం ఆ కేకలేవీ తమకు వినపడనట్టే, వానలో తడిసిన అమాయక జంటలా నమ్మకంగా ఉండాలి. వాళ్లు ఒక్కసారి నవ్వేస్తే కథ కూలిపోతుంది. ప్రేక్షకులతో నేరుగా తలపడే హక్కు కథకుడిదే. అందుకే ఆ పాత్రకు జనానికి తెలిసిన ముఖాన్ని, అప్పటికప్పుడు మాట అల్లగల హాస్యనటుణ్ని తెస్తారు. స్టీవ్ పంట్, ఫిలిప్ ఫ్రాంక్స్ లాంటివాళ్లు ఈ కుర్చీలో కూర్చున్నారు. ఆ వారం వార్తల్లో ఉన్న రాజకీయ నాయకుడూ ఆ జవాబుల్లోకి వచ్చేస్తాడు. సోమవారం ఆటకీ శనివారం ఆటకీ పోలిక లేకపోవడం ఇక్కడ మామూలు.

వేదిక అలంకరణలోనూ ఓబ్రయన్ చిన్ననాటి సినిమా పిచ్చి కనిపిస్తుంది. చుట్టూ పెద్ద ఫిల్ము రీలు ముక్కలాంటి చట్రం. పైన, జనానికి కనబడేలా రాక్ వాద్యబృందం. ఆట మొదలయ్యేది సినిమా హాల్లో సీట్లు చూపించే అమ్మాయి పాటతో. పాత భయానక చిత్రాల పేర్లన్నీ దండగా గుచ్చిన పాట. తర్వాత వచ్చే ‘టైమ్ వార్ప్’ మరీ తెలివైనది. అడుగులు ఎలా వెయ్యాలో పాటే చెబుతుంది. కాబట్టి నేర్చుకోనక్కర్లేదు, లేచి నిలబడితే చాలు. ఆట చివర మళ్లీ అదే పాట ఎత్తుకోగానే, కింద నుంచి బాల్కనీ దాకా హాలు మొత్తం చిందేస్తుంది.

తారల ఆకర్షణా తోడుంది. ఆస్ట్రేలియా టీవీ సీరియల్ ‘నైబర్స్’తో పేరు తెచ్చుకున్న జేసన్ డోనవన్, 1998లో తొలిసారి ఫ్రాంక్ వేషం కట్టాడు. పాతికేళ్ల తర్వాత యాభయ్యో వార్షికోత్సవ యాత్రలో ఆస్ట్రేలియాలో అదే పాత్రలోకి దిగాడు. 2024 సెప్టెంబరులో లండన్ డొమినియన్ థియేటర్‌లో మళ్లీ కనిపించాడు. ‘గ్లాడియేటర్’ హీరో రస్సెల్ క్రో కూడా ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, 1980ల చివర న్యూజిలాండ్, ఆస్ట్రేలియా బృందంలో వందల ఆటలు ఆడినవాడే. 2015లో లండన్ నుంచి ఒక ప్రత్యేక ఆటను సినిమా హాళ్లకు ప్రత్యక్ష ప్రసారం చేసినప్పుడు, కథకుల్లో ఒకడిగా వచ్చి నిలబడింది ఓబ్రయనే. ఇప్పటిదాకా ముప్పైకి పైగా దేశాల్లో, ఇరవైకి మించిన భాషల్లో ఆడిందని నిర్మాతలు లెక్క చెబుతారు.

ఎవరి కోసం ఈ ఆట?

ఇది వట్టి అల్లరి అయితే ఇన్నాళ్లు నిలిచేది కాదు. 1970ల్లో అమెరికా, బ్రిటన్‌లలో ఆడపిల్లలా అలంకరించుకోవాలనిపించిన అబ్బాయికి, అబ్బాయిల్ని ఇష్టపడే అబ్బాయికి, బడిలో ఎవరితోనూ కలవలేని అమ్మాయికి బయట చోటు లేదు. ఇంగ్లాండులో ఇద్దరు మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాకుండా పోయింది 1967లోనే, అదీ షరతులతో. అలాంటి రోజుల్లో శనివారం అర్ధరాత్రి ఒక హాలు తలుపు తీసి, నువ్వెలా ఉంటే అలాగే రా అంది. అక్కడ స్నేహితుల్ని, తోడును సంపాదించుకున్నవాళ్లు ఎందరో. ఓబ్రయన్ తనలో మగతనం డెబ్బై పాళ్లు, ఆడతనం ముప్పై పాళ్లు అని బాహాటంగా చెప్పుకున్న మనిషి. ఎన్నో ఏళ్లు లోపల నలిగిన తర్వాతే అంత తేలిగ్గా చెప్పగలిగాడు. ఆ నలుగుడు తెలిసినవాడు కాబట్టే, ఫ్రాంక్ చనిపోయే ముందు పాడే పాట దగ్గర అంత అల్లరి హాలూ ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది.

ఈ నాటకం మీద అభ్యంతరాలూ ఉన్నాయి. అవి చిన్నవి కావు. ఫ్రాంక్ చీకట్లో వేషం మార్చి, జానెట్‌నూ బ్రాడ్‌నూ మోసం చేసి పక్క చేరే సన్నివేశం ఉంది. 1973లో అది పడకగది ప్రహసనం. సమ్మతి గురించి ఈనాడు మనకు తెలిసిన దాని ప్రకారం అది మోసంతో చేసిన బలవంతమే. పాటల్లో వాడిన కొన్ని మాటలు ఇవాళ ట్రాన్స్ వ్యక్తులు తమకు తాము వాడుకోనివి. ఆడవారి వేషం కట్టిన పాత్రను నరహంతకుడిగా చూపడం కూడా కొందరిని బాధపెడుతుంది. 2016లో తీసిన టీవీ రూపంలో ఫ్రాంక్ పాత్రను ట్రాన్స్ నటి లవర్న్ కాక్స్‌కు ఇవ్వడం ఒక జవాబు. పక్షవాతం నుంచి కోలుకుంటున్న టిమ్ కర్రీ అందులో కథకుడయ్యాడు.

ఇంకొక ఫిర్యాదు కూడా వినిపిస్తుంది. ఒకప్పటి తిరుగుబాటు ఇప్పుడు స్నేహితురాళ్ల బృందాలు పెళ్లికి ముందు సరదాగా వచ్చే వారాంతపు వినోదమైపోయిందని. అందులో కొంత నిజం ఉంది. టికెట్ చౌక కాదు. మేజోళ్లు, ఈకల శాలువాలు లాబీలోనే అమ్ముతారు. అయినా చిన్న పట్టణంలో, అందరికీ అందరూ తెలిసిన చోట, ఒక బడిపంతులు వల మేజోళ్లు వేసుకుని వీధిలో నడిచి వచ్చి, పక్కింటివాళ్ల పక్కన కూర్చోగలగడం చిన్న సంగతి కాదు. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో అది మామూలు కావచ్చు. ఊరూరా తిరిగే బృందం విలువ ఆ చిన్న ఊళ్లలోనే తెలుస్తుంది. బ్రాడ్‌వే పెద్దలు వద్దన్న ఆటను నిలబెట్టింది కూడా ఇలా మళ్లీ మళ్లీ వచ్చిన మామూలు జనమే. ఈ పునఃప్రదర్శన వాళ్ల చేతికి సగం ఆట అప్పగించింది. అందుకే ఇది గెలిచింది.

బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. రాకీ హారర్ బృందం మీ ఊరు వస్తే తప్పక చూడండి. పిల్లల్ని మాత్రం తీసుకెళ్లకండి. ఇది పెద్దలకు ఉద్దేశించిన ఆట. బియ్యం, నీళ్ల తుపాకులు చాలా నాటకశాలల్లో నిషేధం, కాబట్టి బయల్దేరే ముందు అక్కడి నియమాలు చదువుకోండి. కేకలేమీ రాకపోయినా పర్వాలేదు, పక్క కుర్చీవాళ్లు నేర్పుతారు. ‘టైమ్ వార్ప్’ మొదలైనప్పుడు మాత్రం కూర్చోకండి, లేవండి.